ఆగుదాంగారి అటక

ఆ వీధిలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన ఆగుదాంగారు. కొత్త కంప్యూటర్ కావాలని ఎవరొచ్చినా కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, "కాస్త ఆగుదామండీ, వచ్చే ఏడు ఇంకా మంచి ప్రాసెసర్ వస్తోంది" అనేవాడు. వాళ్లు బుద్ధిగా తలూపి, పక్క కొట్లో కొనుక్కుని, అది చెడిపోయాక మళ్లీ ఈయన దగ్గరికే మోసుకొచ్చేవాళ్లు.

ఈ నిజాయితీ చివరికి ఇంట్లో మనిషి ప్రాణానికి వచ్చింది. ఆయన భార్య ఇంటి దగ్గరే కూర్చుని భవనాల ప్లాన్లు గీస్తుంది. ఆమె కొత్త కంప్యూటర్ ఎనిమిదేళ్లుగా అటక మీద తయారవుతూనే ఉంది. మొదటి ఏడు సామాను బిగించే ఖాళీ పెట్టె కొన్నాడు. రెండో ఏడు మెమరీ కొని ప్రాసెసర్ కోసం ఆగాడు. ఈలోగా తరం మారి, ఆ మెమరీ కొత్త మదర్‌బోర్డులో దూరనంది. సరేనని కొత్త మెమరీ కొని, బోర్డు కోసం ఆగాడు. అలా ఒకదానితో ఒకటి పొసగని సామాను అటక నిండా చేరింది. కంప్యూటర్ మాత్రం లేదు.

ఇంతలో ఆమెకు ఒక ఆసుపత్రి భవనం ప్లాన్ గీసే పని వచ్చింది. ఇన్నాళ్లూ మెట్లూ పిట్టగోడలూ గీసిన మనిషికి అది చాలా పెద్ద పని. సోమవారంలోగా ఒప్పుకోవాలి. వాళ్లు పంపిన ఫైలు తెరవబోతే పాత కంప్యూటర్ గుడ్లు తేలేసింది.

"కొత్త రకం ప్రాసెసర్ వచ్చిందట కదండీ, అది పెట్టెయ్యండి."

"అదెవరైనా కొంటారటే! దాని ముచ్చట ఏడాదే. తర్వాత వచ్చే ప్రాసెసర్ దీని బోర్డులో కూర్చోదు. రేపు మార్చుకుందామన్నా దారుండదు. కాస్త ఆగుదాం."

ఆమె చేతిలోని స్కేలు పక్కన పెట్టింది. "ఇరవై ఏళ్లుగా ఇదే పని కదా మీది. బోర్డు ఉంచేసి ప్రాసెసర్ ఒక్కటే మార్చమని ఎంతమంది వచ్చారు?"

ఆగుదాంగారు ఒక వేలు మడిచాడు. కాసేపు ఆలోచించి విప్పేశాడు. తను లెక్కేసినాయన ఎలుక కొరికిన వైరు మార్చమన్నాడు, అంతే.

"ఎవరూ రాలేదులే."

"తర్వాతది వస్తే ఇది పనిచెయ్యడం మానేస్తుందా?"

"ఎందుకు మానుతుందీ? పదేళ్లు నడుస్తుంది."

"ఆగుదాం అన్నది మీరు. ఎనిమిదేళ్లూ ఆగింది నేను."

ఆయనకు నిజంగా సిగ్గేసింది. చెప్పులేసుకుని వెళ్లి, జీవితంలో మొదటిసారి అన్నీ ఒకేసారి కొన్నాడు. పక్క కొట్టాయన బిల్లు రాయబోతూ ఆగి, "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు.

ఆదివారం మధ్యాహ్నానికి బిగించాడు. అటక మీంచి పనికొచ్చింది ఆ ఖాళీ పెట్టె ఒక్కటే. ఆమె ఆసుపత్రి ఫైలు నొక్కి, అలవాటు చొప్పున లేచి వంటింట్లోకి నడిచింది. పాత కంప్యూటర్ ఫైలు తెరిచేలోగా ఆమె గిన్నెలన్నీ తోమేసేది.

"ఎక్కడికే? తెరుచుకుంది!"

వెనక్కి వచ్చి చూసింది. ఆసుపత్రి మొత్తం తెర మీద నిలబడి ఉంది. ఆమెకు కళ్లు చెమర్చాయి. వెంటనే ఫోన్ తీసి, పని చేస్తానని చెప్పేసింది. తర్వాత కుర్చీలో సర్దుకుని కూర్చుని, తల తిప్పకుండానే అడిగింది.

"మరి ఆ గిన్నెలు?"

"కాస్త ఆగు..." అనబోయి, ఆగుదాంగారు నాలుక కరుచుకున్నాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుని వంటింట్లోకి నడిచాడు.