కనకవల్లి ఉక్కు పట్టీ

కనకవల్లి మంచిదే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తరువాత చెప్పడానికి నాకు నోరు రాదు.

సింగానల్లూరులో ఒక మోటార్ల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు తీగ చుట్టింది. అది మూతపడగానే సరిగ్గా నా సైకిలు షాపు ఎదురుగా కొట్టు తెరిచి, మామూలు సైకిళ్ళ వెనక చక్రంలో మోటారు పెట్టడం మొదలెట్టింది. ముప్పై ఏళ్ళుగా నా దగ్గర పంక్చర్లు వేయించుకున్నవాళ్ళు రోడ్డు దాటి అటు పోయారు. ఒళ్ళు మండిందా అంటే, మండింది.

ఆవిడ పని దొంగచాటుగా చూశాను. మోటారు చక్రాన్ని ఒకవైపు తిప్పితే, ఇరుసు రెండోవైపు తిరగాలని చూస్తుంది. తిరిగిందా, నట్లు వదులై, ఇరుసులోంచి వచ్చే తీగ మెలిపడి తెగి, చక్రమే ఊడిపోతుంది. అందుకని ఆవిడ జానెడు ఉక్కు పట్టీ కోసి, ఒక కొసన రంధ్రం పెట్టి, ఇరుసు కదలకుండా పట్టేలా దాన్ని ఆకురాయితో అరగదీసి, రెండో కొసను ఫ్రేముకి బిగిస్తుంది. ఒక్క రంధ్రానికి ఒక పూట. "సైకిలుకి వడ్డాణం చేయిస్తోంది" అని టీకొట్లో అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఇడ్లీ పిండి ఇంటింటికీ వేసే మా ఆవిడ తంగమణి కూడా, తన సైకిలుకి కనకవల్లి చేతే మోటారు పెట్టిస్తానంది.

"మొగుడు మెకానిక్కు, పెళ్ళాం ఎదురు కొట్టుకి పోతే నా తల ఎక్కడ పెట్టుకోవాలే?"

"ఉన్నచోటే పెట్టుకోండి. నాకు బండి గట్టిగా ఉంటే చాలు."

పంతంకొద్దీ నేనే పెట్టాను. ఇరుసు ఫ్రేము గాడిలో పట్టలేదు. గాడిని ఆకురాయితో రాకాను, కాస్త ఎక్కువే రాకాను. వదులైంది. రెండు వాషర్లు వేసి, బలమంతా పెట్టి నట్లు బిగించాను. పట్టీ వేయలేదు. వేస్తే ఆవిడని చూసి నేర్చుకున్నట్టే కదా.

ఆయుధ పూజ వచ్చింది. పానాలూ సుత్తులూ తుడిచి దేవుడి ముందు పెట్టాం. మర్నాటిదాకా ముట్టకూడదు. సైకిలుకి ఇరుసు కొస నుంచి ఫ్రేము మీదికి గంధం గీత గీసి, మధ్యలో కుంకుమ పెట్టాను. తంగమణి నిమ్మకాయలు తొక్కించి వీధి చివరిదాకా వెళ్ళొచ్చింది.

మధ్యాహ్నం కనకవల్లి పూజ బొరుగులు పట్టుకుని వచ్చింది. పళ్ళెం అందిస్తూ వంగి చక్రం చూసింది.

"అన్నా, గీత విరిగింది."

నిజమే. సగం ఫ్రేము మీద ఉంది, సగం ఇరుసుతోపాటు పక్కకి తిరిగింది.

"గంధం ఎండి పగిలింది" అన్నాను.

"ఎండితే రాలుతుందన్నా, పక్కకి పోదు. వదినని ఎక్కనివ్వకు."

"బొరుగులివ్వడానికొచ్చావా, వంకలు పెట్టడానికా?"

అప్పటికే తంగమణి పిండి డబ్బాలు కట్టుకుని బయటికొచ్చింది. ఫ్లైఓవరు దాటి ఇవ్వాలి. నా మొహం చూసి, "కాస్త బిగించకూడదూ?" అంది.

"రేపటిదాకా పానా ముట్టకూడదు. ఏం కాదు, వెళ్ళు."

ఆ మాట అన్నది నేనే.

కనకవల్లి రోడ్డు దాటి, దేవుడి ముందున్న పానా తీసుకుని వచ్చింది. దాని మీద కుంకుమ అలాగే ఉంది. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది.

"దేవుడు కోప్పడితే నా మీదేలే వదినా" అంటూ నట్టు విప్పింది. తీగ పైతొడుగు కోసుకుపోయి రాగి కనిపిస్తోంది. దాన్ని నలుగురికీ చూపించి ఉంటే నేను హాయిగా తిట్టుకునేవాణ్ణి. అరచెయ్యి అడ్డం పెట్టి, నాకొక్కడికే చూపించింది. తీగకి టేపు చుట్టి, తన కొట్లో తయారుగా ఉన్న పట్టీ తెచ్చి బిగించి వెళ్ళిపోయింది. ఆ చెయ్యి అడ్డం పెట్టినందుకు ఆవిణ్ణి ఇప్పటికీ క్షమించలేదు.

ఏడాదైంది. ప్రతి శుక్రవారం తంగమణి ఆ పట్టీ మీంచి ఫ్రేము మీదికి గంధం గీత గీస్తుంది. ప్రతి సాయంత్రం బండి రాగానే, ఇవాళైనా విరిగిందేమోనని నేను వంగి చూస్తాను. గీత విరగదు. నిన్నా విరగలేదు.

'ఛ' అనుకున్నాను. అనుకుని తలెత్తబోతే, పెడలు మీద మా ఆవిడ పాదం కనిపించింది. నిన్న రాత్రి అన్నం సహించలేదు.