పొగ రాని ఇంజను

గురునాథరావు పొగను నమ్ముకుని బతికిన మనిషి. బోటు వెనక గొట్టంలోంచి నల్లగా వస్తే ఇంజను మీద బరువెక్కువైందని, తెల్లగా వస్తే లోపలికి నీళ్లు దిగుతున్నాయని, నీలంగా వస్తే ఆయిలు తాగేస్తోందని మెడ తిప్పి చూసి చెప్పేసేవాడు. పాత ఇంజను చేతులెత్తేశాక అతనికి దొరికింది పొగ నిబంధనల ప్రకారం చేసిన కొత్త రకం. ధర రెండింతలు. పొగ రాదు. తేడా వస్తే లైటు వెలుగుతుంది. అది ఎందుకు వెలిగిందో చెప్పడానికి కంపెనీ మనిషి లాప్‌టాప్ పట్టుకుని రావాలి.

“పొగైతే ఊరికే సెప్పేది. ఈ లైటు డబ్బులియ్యందే నోరిప్పదేటి?”

పూర్ణా మార్కెట్ దగ్గర షెడ్డున్న రహమాన్ నవ్వాడు. ఏళ్ల తరబడి అతని ఇంజన్లు బాగుచేసేది రహమానే. “తేడా ఒస్తే అదే జోరు తగ్గించుకుంటాది బావా. ఇంజను పాడవ్వదు.”

“దానికేటీ అవ్వదు సరే, నడి సముద్రంలో మన గతేటి?”

ఈ ఇంజను కొనిపించింది రహమానే. అందుకు అతనికి కమీషను ముట్టిందేమోనన్న అనుమానం గురునాథరావుకు అప్పుడే పుట్టింది.

వేట నిషేధం ముగిసి బోట్లు కదిలే రోజు పూజ చేశారు. భార్య కాశమ్మ కట్టిచ్చిన బంతిపూల దండను గురునాథరావు ఎప్పటిలాగే ఇంజను చుట్టూ కట్టాడు. జెట్టీ మీద నిలబడ్డ రహమాన్ ఏదో అనబోయి ఊరుకున్నాడు. తనకేసే చూస్తున్నట్టున్న ఆ లైటు మీద గురునాథరావు ఒక బొట్టు దట్టంగా అద్దాడు.

తిరిగి వచ్చేటప్పుడు, యారాడ కొండ దగ్గర అలలు లేచిన వేళ, ఇంజను జోరు పడిపోయింది. ఎంత రేజిచ్చినా పెరగదు. బోటు రాళ్లవైపు కొట్టుకుపోతోంది. వెనక్కి చూశాడు. గొట్టం కడిగినట్టుంది, పొగ జాడే లేదు. ఫోను తీశాడు.

“లైటు ఏ రంగుందో సూడు” అన్నాడు రహమాన్.

బొట్టు గోటితో గీకాడు. కింద ఎర్రగా వెలుగుతోంది.

“ఇంజనాపేసి, గాలి పీల్సే మూతిలో బంతిపూలు తియ్యి. మళ్లీ స్టార్ట్ సెయ్యి.”

రాళ్లు ఎదురుగా ఉంటే ఆపమంటున్నాడు!

“మావా, ఆపేత్తావా ఏటి?” బోటు మీద పనిచేసే కళాసీ గణేష్ రాళ్లకేసి చూస్తూ అడిగాడు.

“లంగరెయ్యి” అని గురునాథరావు తాళం తిప్పాడు. బోటంతా నిశ్శబ్దమైపోయింది. తడి రేకలు పిడికిళ్లతో లాగి పారేసి, మళ్లీ తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది.

ఒడ్డుకొచ్చాక గురునాథరావు రహమాన్‌ని ముందు అడిగిన మాట, “ఒడ్డు మీదున్నోడివి, పూలని నీకెలాగ తెల్సింది?”

“నువ్వు కడతంటే సూసాను బావా.”

“మరప్పుడే సెప్పనేదేటి?”

రహమాన్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. “పూజకాడ నాను నోరెడితే నువ్వేటనుకుందువు?”

ఏమనుకునేవాడో గురునాథరావుకు తెలుసు.

మళ్లీ వేటకెళ్లే రోజు దండ తెచ్చి రహమాన్ చేతిలో పెట్టాడు. రహమాన్ దాన్ని స్టీరింగుకు కట్టాడు. లైటు మీద బొట్టు లేదు. బోటు కదిలాక గురునాథరావు మెడ తిప్పి గొట్టంకేసి చూశాడు. ఏమీ రావడం లేదు. అది అతనికి ఇంకా నచ్చలేదు.