పులిహోర పులుసు, పాత ఇంజిన్ ఆయిల్

ఈ ఉదయం హామిల్టన్‌లోని మా గరాజ్‌లో కారు ఇంజిన్ ఆయిల్ మార్చాను. పాత ఆయిల్‌ను ఖాళీ పాల క్యాన్‌లో పోసి, చేతులు కడుక్కుందామని వంటింటి గట్టు మీద పెట్టాను. తర్వాత క్యాన్ పట్టుకుని, పాత ఆయిల్ తీసుకునే రీసైక్లింగ్ సెంటర్‌కి వెళ్లాను.

అక్కడి కివీ పెద్దాయన మూత తీసి వాసన చూశాడు.

“ఇది ఇంజిన్ ఆయిల్ కాదు బ్రో, ఎవరిదో లంచ్,” అన్నాడు.

అది మా ఆవిడ అలాంటి క్యాన్‌లోనే పోసి ఉంచిన పులిహోర పులుసు. కంగారుగా ఇంటికి ఫోన్ చేశాను.

“అన్నంలో పులుసు కలిపేశావా?”

“ఇప్పుడే మూత తీశాను. ఇదేంటండీ, పెట్రోల్ బంకు వాసనొస్తోంది?”

“కలపకు. అది కారుది.”

“ముందు నా పులుసు ఇంటికి తెండి,” అంది.

మధ్యాహ్నం అసలు ఆయిల్‌తో పాటు పెద్దాయనకి డబ్బాలో పులిహోర కూడా పట్టుకెళ్లాను. దాన్ని కూడా ఆయన వాసన చూశాకే తిన్నాడు. ఆయన తప్పేమైనా ఉందంటారా?