రెండో ఉత్తరం నేను రాయలేదు

ఈ సంగతి లోపల పెట్టుకుని తిరగడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయిందండీ. నన్ను చూడగానే జనం ముందు నవ్వేస్తారు, నేనేమన్నానో తర్వాత వింటారు. అలాంటివాడి గుండెలో రాయి ఉందంటే ఎవరు నమ్ముతారు? మీరెవరో నాకు తెలీదు. అందుకే చెబుతున్నాను.

ఎనిమిదో తరగతిలో బడి మానేసి అమలాపురంలో ఓ ప్రింటింగ్ ప్రెస్సులో చేరేను. సీసం అక్షరాలు పేర్చే పని. మేడ మీద ట్యూషన్లు చెప్పే మాస్టారుండేవారు. వేదం చదివిన ఇంటి మనిషి. వాళ్ళ నాన్నగారు వేదంలో పనసలు వల్లించినట్టు ఈయన పాత క్రికెటర్ల సగటులు వల్లించేవారు.

ఆయనో ఆట కట్టేరు. అన్ని కాలాల్లోని గొప్ప ఆటగాళ్ళకీ తలో అట్టముక్క, మా దగ్గర పాడైన శుభలేఖల వెనకవైపు. ఒక్కొక్కరికి ఇన్ని మార్కులని. మొత్తం వంద దాటకుండా పదకొండుమందిని ఏరుకోవాలి. బ్యాట్స్‌మెన్ మీదే మార్కులన్నీ తగలేస్తే బౌలింగుకి నాసిరకం వాళ్ళే మిగులుతారు. ఏ కాలం నుంచీ నలుగురికి మించకూడదు. తర్వాత పాచికలేసి మ్యాచి ఆడాలి. ఆ మార్కులు సరిచెయ్యడానికే నాలుగేళ్ళు పట్టింది.

"మాస్టారూ, టీమంతా స్వర్గస్థులే. తద్దినం రోజున ఎవరాడతారండీ?" అని ఏడిపించేవాణ్ణి. ఆయనా నవ్వేవారు.

తొంభైల చివర్లో హైదరాబాదులో ఓ బొమ్మల కంపెనీకి ఆట గురించి రాసి, రోజూ పోస్టుమాన్ కోసం మెట్ల మీద నిలబడేవారు. అది చూసి నాకు సరదా పుట్టింది. కంపెనీ పేరుతో లెటర్‌హెడ్ నేనే కంపోజు చేసేను. మీ ఆట నచ్చింది, అట్టముక్కల పెట్టె పట్టుకుని రండి అని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు పేర్చి, కొబ్బరికాయల లారీ క్లీనరు చేత హైదరాబాదులోనే పోస్టు చేయించేను. రెండ్రోజులు ఆటపట్టించి చెప్పేద్దామనే. నిజంగా అంతేనా? ఏమో, ఇప్పుడు ఒట్టేసి చెప్పలేను.

ఆ ఉత్తరం వచ్చిన రోజు నేను రాజోలులో పెళ్ళిలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి ఆయన పెట్టె చంకనెట్టుకుని బస్సెక్కేసేరు.

కంపెనీ గేటు దగ్గరే ఆపేసేరట. అలాంటి ఉత్తరం మేం రాయలేదన్నారట. పెట్టె వాచ్‌మన్ చేతిలో పెట్టేసి వచ్చేసేరు. వీధంతా నవ్వింది. అనుమానం రాకుండా అందరికంటే గట్టిగా నేనే నవ్వేను.

మూడు నెలలకి ఇంకో కవరొచ్చింది. నా బల్లకి అవతల నిలబడి విప్పేరు. చూసి కొయ్యబారిపోయేను. పైన కంపెనీ గుర్తు మూడు రంగుల్లో, ఉబ్బెత్తుగా. కాలితో తొక్కే మా ట్రెడిల్ మిషను పుట్టి బుద్ధెరిగి అలాంటిది వెయ్యలేదు. అక్షరాలు తిరగేసి పేర్చేవాణ్ణి, తలకిందులుగా ఉన్న కాయితం చదవడం నాకో లెక్కా? గేటు దగ్గర జరిగిన దానికి మన్నించమన్నారు. పెట్టె తెరిచి ఆడి చూసేరట. అచ్చు వేస్తామన్నారు.

మాస్టారు కంపెనీ పేరు దాటి చదవలేదు. మొహం ఎర్రబడింది.

"ఒరే, ఇదీ ఆ వెధవ పనేనంటావా?"

చేతిలో ఉన్న సీసం అక్షరం బల్ల మీద పెట్టేను.

"అచ్చు పనిలో ఉన్నవాడివి. నీకంటే ఎవరికి తెలుస్తుందిరా? చెప్పు."

అసలుదే అంటే మొదటిది తెచ్చి పక్కన పెడతారు. అందులో కాలు విరిగిన ఇంగ్లీషు 'ఆర్' అక్షరం మా ప్రెస్సులో వేసిన ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది, దొరికిపోతాను. ఇదంతా నా బుర్రలో ఒక్క క్షణంలో తిరిగింది. అంత త్వరగా ఎలా తిరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే భయమేస్తుంది.

"ఆయ్... అలాగే ఉందండి," అన్నాను.

నాలుగు ముక్కలు చేసి పడేసేరు. ఊడ్చింది నేనే. అతికించి తీసుకెళ్ళి కాళ్ళమీద పడొచ్చు. పడలేదు. ఎందుకు పడలేదు? తిడతారనా, నన్ను చూసి ఇంక నవ్వరనా?

మళ్ళీ ఆయన ఆ అట్టముక్కలు చెయ్యలేదు, క్రికెట్ మాటే ఎత్తలేదు. కొన్నేళ్ళకి ఇంటర్నెట్ సెంటర్లో పిల్లలు కంప్యూటర్లో పాతా కొత్తా ఆటగాళ్ళని కలిపి టీము కడుతుంటే, ఆయన గుమ్మంలో ఆగి చూసి, గొడుగు విప్పుకుని వెళ్ళిపోవడం చూసేను. ఇప్పుడు కొత్తపేటలో ఉంటున్నారు. కనిపిస్తే నా జోకులకి ఇంకా నవ్వుతారు. ఆ నవ్వు చూసి ప్రతిసారీ నోరు మూసుకుంటాను.

ఆ ఉత్తరం అసలుదండీ. మాస్టారి ఆట వాళ్ళకి నిజంగానే నచ్చింది. ఈ మాట ఇన్నేళ్ళలో ఒక్క మనిషికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు తెలుసు.