బట్టలు తొడుక్కున్న డ్రిల్లు

రామచంద్రపురంలో వడ్రంగి వీరబ్రహ్మం కోపం తెలియనివాళ్లు లేరు. గుమ్మం కొలత తప్పు చెప్పిన మేస్త్రీనైనా, తలుపు విసురుగా వేసిన ఇంటాయననైనా ఒకేలా తిడతాడు. పని మాత్రం కళ్లకద్దుకునేలా చేస్తాడు గనక తిట్లు తిని కూడా మళ్లీ ఆయన్నే పిలుస్తారు. అలాంటి మనిషి ఒక కొత్త ఇంటికి కిటికీలు బిగిస్తూ పరంజా మీంచి జారి పడ్డాడు. కుడికాలు మోకాలి కింద విరిగింది.

కాకినాడలో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎముకల డాక్టరు సారిక ఎక్స్‌రే చూసి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగించాలన్నారు. వీరబ్రహ్మానికి గుండె జారిపోయింది. నొప్పికి భయపడి కాదు. ఆయన పాతకాలపు పనివాడు. నేలమీద కూర్చుని, చెక్కను కుడిపాదంతో తొక్కిపట్టి ఉలి వేస్తాడు. ఆయన చెక్కే పువ్వులూ లతలూ అన్నీ ఆ కాలి పట్టు మీదే ఆధారపడ్డాయి. ఆ పట్టు పోతే తనిక వడ్రంగే కాదు. ఈ మాట భార్య వెంకటదుర్గతో చెప్పుకోలేక, మంచం కిర్రుమంటోందని నర్సు మీద విరుచుకుపడ్డాడు.

మర్నాడు నడుముకి సూది వేసి, నడుం కింది భాగమంతా మొద్దుబార్చారు. ఛాతీ దగ్గర ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. కాసేపటికి గుడ్డ అవతల గుర్రుమని చప్పుడు. పొద్దస్తమానం వినే చప్పుడు, పోల్చుకోడానికి ఎంతసేపు? ఏ ఇనుప సామాను కొట్లోనైనా దొరికే డ్రిల్లు మిషను అది. తన సంచిలోనూ అలాంటిదే ఉంది. ఆయనకి ఒళ్లు మండిపోయింది.

"డాక్టరమ్మగారూ, అది గోడలకి కన్నాలేసే మిషనండి," అన్నాడు.

"అదేనండి బ్రహ్మంగారూ. ఒంటినిండా బట్టలు తొడిగాం," అన్నారు సారిక.

తర్వాత ఓపిగ్గా విడమరిచి చెప్పారు. ఎముకల కోసమే తయారుచేసే డ్రిల్లు ఖరీదు చిన్న ఆసుపత్రులు మోయలేవు. ఎలాగో కొన్నా, అది పాడైతే ఆపరేషన్లు ఆగిపోతాయి. అందుకని మామూలు డ్రిల్లునే తడి ఇంకని గుడ్డ సంచిలో పెట్టి మూతి బిగిస్తారు. ఆ సంచినీ, ఎముకలోకి దిగే బిట్టునీ క్రిములు చచ్చేలా ముందే ఆవిరిలో ఉడికిస్తారు. డబ్బు లేని చాలా దేశాల్లో ఇలాగే విరిగిన కాళ్లు నిలబెడుతున్నారట.

వీరబ్రహ్మానికి సగమే నచ్చింది. మిషను సంగతి సరే, చెయ్యి సంగతేంటి? తొందరపడే చేతిలో ఏ బిట్టైనా చెక్కని మాడ్చేస్తుంది. ఎముక మాత్రం మాడదా? గట్టిగా ముక్కు ఎగబీల్చాడు. స్పిరిట్ వాసన వచ్చింది. మళ్లీ పీల్చాడు. మాడు వాసన లేదు. మిషను ఆగి ఆగి తిరుగుతోంది, మధ్యమధ్య వేడెక్కకుండా నీళ్లు పోస్తున్న చప్పుడు. తన ఎముక పనిమంతురాలి చేతిలోనే పడిందని ఆయనకి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతో నిద్రపోయాడు. గురకేదో డ్రిల్లేదో తెలియక చచ్చామని నర్సు తర్వాత వెంకటదుర్గతో చెప్పి నవ్వింది.

కొన్ని నెలలకి ఎముక అతుక్కుంది, నడక వచ్చింది. కానీ చెక్క మీద కాలు వెయ్యడానికి మాత్రం ఆయనకి ధైర్యం చాల్లేదు. వెంకటదుర్గ ఎదురుగా కూర్చుని రెండు చేతులా చెక్క పట్టుకునేది, ఆయన ఉలి వేసేవాడు. చెక్క జారేది. ఆయన కసిరేవాడు. ఆవిడ మాటకి రెండు మాటలు అప్పజెప్పేది.

ఒకరోజు దేవుడి మందిరం తలుపు మీద తామరపువ్వు చెక్కుతున్నారు. ఏమనుకున్నాడో, ఆవిడ చేతుల పక్కనే కుడిపాదం ఆనించాడు. పళ్లు బిగించి తొక్కి, ఉలి మీద ఒక దెబ్బ వేశాడు. తర్వాత ఇంకోటి.

"వదిలెయ్యి దుర్గా. కాలికి పట్టు దొరికింది," అన్నాడు.

ఆవిడ వెంటనే వదల్లేదు. అది తన చేతుల పట్టో, ఆయన కాలి పట్టో నమ్మకం కుదరాలి కదా. మెల్లగా ఒక చెయ్యి తీసింది, తర్వాత రెండోది. ఆయన మళ్లీ కొట్టాడు. చెక్క కదల్లేదు. ఆ సంతోషానికి ఆయన కళ్లలో నీళ్లు నిండి, ఉలి ఎక్కడ పెట్టాలో కాసేపు కనిపించలేదు.