పసుపు గీత

జర్మనీలోని ఐఫెల్ కొండల్లో, రేసు ట్రాక్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఆ షెడ్డు బోర్డు మీద ఇప్పటికీ టేలెన్ పేరే ఉంది. షెడ్డు అమ్మేసి ఆరేళ్లయింది. కొన్నది ఆయన దగ్గరే పని నేర్చుకున్న మారియుస్. అయినా బోర్డు మార్చలేదు, టేలెన్ రోజూ పనిలోకి రావడమూ మానలేదు. కొలోన్ నుంచీ బెల్జియం నుంచీ కార్లు వచ్చేది ఆ పేరు చూసే.

గోట్‌ఫ్రీడ్ టేలెన్ చదివింది ఊరిబడిలో ఎనిమిదో తరగతి. ఆ సంగతి తలెత్తుకునే చెప్పేవాడు. నలభై రెండేళ్లలో రెండువేలకు పైగా కార్ల ఎత్తు తగ్గించాడు. ఒక్కటీ ప్రభుత్వ తనిఖీలో తిరిగి రాలేదు. ఆయన చేయిపడ్డ కార్లతో పద్దెనిమిది మంది కప్పులు గెలిచారు. చక్రాల వరసను దారం కట్టి చూసిన రోజుల్లో కూడా వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. ఇవన్నీ అడిగినవాళ్లకీ చెప్పేవాడు, అడగనివాళ్లకీ చెప్పేవాడు.

కారు ఎత్తు తగ్గించడమంటే పొట్టి స్ప్రింగులు వేయడమేనని కుర్రకారు అనుకుంటారు. కారు కిందికి దిగితే చక్రాలు లోపలికి వాలతాయి, వాటి ముఖం పక్కకు తిరుగుతుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది. అందుకే టేలెన్ యజమాని బరువెంతో అడిగి, అంత ఇసుక సంచుల్లో నింపి డ్రైవరు సీట్లో పెట్టేవాడు. కారును నేల మీదికి దించి, ముందుకూ వెనక్కూ దొర్లించి, అది తన బరువుతో తాను కుదురుకున్నాకే కిందికి దూరి చక్రాలను పట్టి ఉంచే కడ్డీల బోల్టులు బిగించేవాడు. కారు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, దిగేసరికి కడ్డీ చివరి రబ్బరు మెలిపడుతుంది. కొన్నాళ్లకు చిరుగుతుంది, చక్రం వరస తప్పుతుంది. బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు రంగుతో సన్నని గీత గీసేవాడు. ఆ గీత గీసే హక్కు ఆ షెడ్డులో ఇంకెవరికీ లేదు.

మార్చి నెలాఖరున, ఆ ఏటికి ట్రాక్ తెరిచే ముందు వారం, పళ్ల డాక్టరు లిండ్‌షైడ్ తన స్పోర్ట్స్ కారును మూడు సెంటీమీటర్లు దించమని తెచ్చాడు. వెంట ఇద్దరు స్నేహితులు.

"మేస్త్రిగారూ, ఆ ఎనభై ఏడులో వానలో గెలిచిన కథ మావాళ్లకి చెప్పండి" అన్నాడు.

అడగడమే తరువాయి. కారు లిఫ్టు మీద ఉంది, చేతిలో రెంచి ఉంది, నోట్లో కథ ఉంది. కథ సాగుతుంటే చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

"పెద్దాయనా, కారింకా పైనే ఉంది. దించాక కదా బిగించేది?" అంది వీబ్కే. హాంబుర్గ్ వైపు నుంచి వచ్చి నాలుగు నెలల కిందట చేరిన మెకానిక్. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది.

స్నేహితులు నవ్వారు. టేలెన్‌కు ఒళ్లు మండింది.

"నువ్వు ఉయ్యాల్లో కాళ్లాడించేప్పుడు నేను కప్పులు కొట్టే కార్లకి బోల్టులు బిగిస్తున్నా. పోయి ఆ చక్రాల వరస కొలిచే మిషనుకి ప్లగ్గు పెట్టు, పో."

"మీ ఇష్టం. డాక్టరుగారి పొట్టకి సరిపడా ఇసకన్నా పెట్టనా, అదీ వద్దా?"

ఈసారి డాక్టరు కూడా నవ్వాడు. టేలెన్ నవ్వలేదు. నాలుగు బోల్టుల మీదా పసుపు గీతలు గీశాడు. కారు దించాక వదులు చేసి మళ్లీ బిగిస్తే పది నిమిషాల పని. ఆ మాట ఆయనకు తట్టకపోలేదు. కానీ ముగ్గురు చూస్తున్నారు. పైగా ఆ పిల్ల చూస్తోంది.

మిషను మీద కొలతలు వీబ్కే తీసింది. ఆ రోజుకు అంకెలన్నీ సరిగ్గానే వచ్చాయి. కాగితం మీద సంతకం పెట్టింది.

అయిదు వారాలకు ఆ కారు లారీ మీద వచ్చింది. వెనక టైర్ల లోపలి అంచులు తీగలు తేలేదాకా అరిగిపోయాయి.

"మలుపులో గిర్రున తిరిగిపోయింది!" అని అరిచాడు డాక్టరు. "నా భార్య పక్కసీట్లో ఉంది. రెయిలింగుకి జానెడు దూరంలో ఆగాం. కొలత తీసిందెవరు?"

మారియుస్ కాగితం చూశాడు. తర్వాత లైటు పట్టుకుని కారు కిందికి వెళ్లి, వచ్చి, టేలెన్‌ను ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"రబ్బర్లు చిరిగాయి, మేస్త్రీ."

"బిగించింది నేనే. ఆ పిల్ల చెప్పింది కూడా."

"గీతలు చూశాను. కాగితం మీద మాత్రం ఉన్నది ఆమె సంతకం, బోర్డు మీద మీ పేరు." మారియుస్ గొంతు తగ్గించాడు. "ఈ సంగతి బయటికి పొక్కితే రేపు ఈ గుమ్మం ఎవడు తొక్కుతాడు? నేను చెప్పలేను. మీరు చెప్తానంటే, అదిగో తలుపు."

తలుపు అద్దంలోంచి వీబ్కే కనబడుతోంది. చేతులు కట్టుకుని ఇటే చూస్తోంది. టేలెన్ తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. రెండువేల కార్లు. ఒక్కటీ తిరిగి రాలేదు. చెయ్యి తీసేసి, గుడ్డతో తుడుచుకున్నాడు.

తప్పు కొలతదేనని డాక్టరుకు చెప్పి, మారియుస్ ఆమెను పనిలోంచి తీసేశాడు. ఆ సాయంత్రం వీబ్కే తన పనిముట్ల పెట్టె సర్దుకుంది.

"కింద దూరి ఆ గీతలు డాక్టరుకి చూపించడం నాకు నిమిషం పని, పెద్దాయనా. మీరే వచ్చి చెప్తారని ఊరుకున్నా" అంది. పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు టేలెన్ కొత్త రబ్బర్లు వేశాడు. డాక్టరు బరువు ఎనభై నాలుగు కిలోలు. అంత ఇసుకా సీట్లో పెట్టి, కారు దించి, దొర్లించి, అప్పుడు కిందికి దూరి బిగించాడు.

"ఈసారి కొలతలు కూడా మీరే తీస్తారుగా, ఇంక నాకు దిగుల్లేదు" అన్నాడు డాక్టరు వంగి చూస్తూ. "మీ పసుపు గీత మర్చిపోకండి!"

టేలెన్ డబ్బా మూత తీసి నాలుగు బోల్టుల మీదా గీశాడు. ఇన్నేళ్లొచ్చినా చెయ్యి వణకలేదు. వణికుంటే బాగుండుననిపించింది.