మెడ గొట్టం మీది నంబరు

నేను పిరికివాణ్ణి. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు కనిపెట్టి నవ్వుకోవడం కంటే ఇదే నయం. పశువైద్యశాలలో సహాయకుడి ఉద్యోగం నాది. పొగరుబోతు ఎద్దు ముక్కుతాడు పట్టుకోగలను, పొట్టేలు కొమ్ముల మధ్య చెయ్యి పెట్టగలను. ఖాకీ చొక్కా కనబడితే మాత్రం చెట్టు చాటుకు తప్పుకుంటాను. అందులోనూ అప్పటికి నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఒక్క పోలీసు కేసు పేరు మీద పడితే చాలు, ఇంటికి పొమ్మంటారు. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కణ్ణే.

అలాంటివాణ్ణి, లైట్లు లేని, హారన్ లేని, నంబరు ప్లేటు కూడా లేని బండి కొన్నాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

ఆత్మకూరులో ఒకాయన దాన్ని చవగ్గా వదిలించుకున్నాడు. అసలు అది మామూలు మోటార్ సైకిలే. కొండల్లో ఎగరేయడానికని ఆయన దాని ఒంటిమీద ఉన్నవన్నీ పీకేసి, సైలెన్సర్ కోయించి, బుడిపెల టైర్లు వేయించి డర్ట్ బైకు చేసుకున్నాడు. రెండుసార్లు పడ్డాక మోజు తీరి నాకు అమ్మేశాడు. ఆర్సీ కాగితం ఉంది. పాతదే గానీ అసలుదే. నాకూ అలాంటి బండే కావాలి. మర్రిపాడు పైన గొర్రెల మందలు ఉండే చోట్లకు రోడ్డనేది ఉండదు. టీకామందుల ఐసు పెట్టె వెనక కట్టుకుని రాళ్ల మీద, వాగుల్లో పోవాలి. వాగుల్లో బ్రహ్మాండంగా పోయింది. వాగుల్లో పోలీసులు ఉండరు కదా!

భయమంతా తారురోడ్డు ఎక్కినప్పుడే. ఆత్మకూరు బస్టాండు దగ్గర బండ్లు ఆపుతున్నారని ఎవరైనా అంటే, పని మానుకుని సందుల్లో తిరిగేవాణ్ణి. ఒకరోజు పొద్దుగూకే వేళ మర్రిపాడు దగ్గర బద్వేలు రోడ్డు ఎక్కాను. ఎదురుగా ఒక లారీని దాటుకుంటూ ఇంకో లారీ నా మీదికే వస్తోంది. నాకు లైటు లేదు. నేనొకణ్ణి అక్కడ ఉన్నానని ఆ డ్రైవరుకు తెలిసే దారే లేదు. హారన్ కొడదామని బొటనవేలితో నొక్కాను. అక్కడ హారన్ ఎక్కడుంది, నా పిండాకూడు! బండితో సహా కంపచెట్లలో పడ్డాను. లారీ గాలికి ఐసు పెట్టె మూత ఎగిరిపోయింది. ఒంటి నిండా ముళ్లతో అక్కడే కూలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాను. మర్నాడే బండిని ఉదయగిరిలో భాయ్ షెడ్డుకు తీసుకుపోయాను.

భాయ్ అరవై దాటిన మెకానిక్. మా నాయన బండి కూడా ఆయన చేతుల్లోనే బతికింది. నా బండి చుట్టూ ఒకసారి తిరిగి నా మొహంలోకి చూశాడు.

"ఏందబ్బయ్యా ఇది? బండా, బొమికల గూడా?"

"లైట్లూ గీట్లూ పెట్టి రోడ్డుకు పనికొచ్చేట్టు చెయ్యి భాయ్. రిజిస్ట్రేషన్ గడువు గూడా అయిపోయుండాది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి పాస్ చెయ్యాలంట."

"చేస్తాలే. కంపెనీవోడు ఎట్ట ఇచ్చినాడో అట్టనే చేస్తా. నువ్వు మాత్రం దాంట్లో యేలు పెట్టబాక."

నేను వేలు పెట్టాను.

రెండు వారాలు భాయ్ ఆ గూటికి ఒక్కొక్కటే అతికించాడు. హెడ్‌లైటు, ఇండికేటర్లు, అద్దాలు, హారన్, వెనక చీర గార్డు, శబ్దం చేయని సైలెన్సర్. ఇండికేటర్ మొదటిసారి టిక్కుటిక్కుమంటూ వెలిగినప్పుడు ప్రాణం లేచొచ్చింది. సోమవారం ఆత్మకూరులో తనిఖీ. శుక్రవారం మధ్యాహ్నం భాయ్ నమాజుకు పోతూ షెడ్డు నాకు అప్పగించాడు.

మా శాఖలో తనిఖీ అంటే తెలిసిన పని ఒకటే. పై అధికారి వస్తున్నాడంటే గేటు రాళ్లకు సున్నం కొడతాం, పశువుల్ని నిలబెట్టే ఇనప చట్రానికి రంగు పూస్తాం. రంగు వాసన తగిలితేనే ఆయన సంతోషంగా సంతకం పెడతాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కూడా అధికారే కదా అనుకున్నాను. బండి హ్యాండిల్ కింద మెడ గొట్టమంతా తుప్పు పట్టి అసహ్యంగా ఉంది. భాయ్ గ్రైండర్ తీసుకుని, ఇనుము తళతళలాడేదాకా గీకాను. కూనిరాగం తీసుకుంటూ నల్లరంగు వేశాను. భాయ్ వచ్చి మెచ్చుకుంటాడని ఎదురు చూశాను కూడా.

భాయ్ వచ్చాడు. నెత్తిన టోపీ కూడా తీయలేదు. తడి రంగు మీదే వేళ్లతో తడిమాడు.

"యా అల్లా! ఛాసిస్ నంబరు యాడరా?"

కంపెనీవాళ్లు బండి మెడ మీద నంబరు చెక్కి పంపుతారు. ఆర్సీలో ఉన్నదీ, మెడ మీద ఉన్నదీ ఒకటైతేనే అది నీ బండి. ఆ నంబరు గీకేసి ఉందంటే ఎవడైనా ఒక్కటే అనుకుంటాడు, దొంగ బండి అని. దొంగలు చేసే పనిని నేను పాట పాడుకుంటూ చేశాను.

"ఆఫీసుకు పోయి ఉన్నదున్నట్టు జెప్పు. పోలీసోళ్ల కాడ కాగితం రాయించుకుని అర్జీ పెడితే, వాళ్లే మళ్లా కొట్టిస్తారు" అన్నాడు భాయ్.

పోలీసోళ్లు అన్న మాట తర్వాత నాకేమీ వినబడలేదు.

"నీ కాడ ఇనుము మీద నంబర్లు కొట్టే పంచీలు ఉండాయి గదా భాయ్. నువ్వే కొట్టు."

"తప్పబ్బయ్యా. ఇన్నేళ్లలో ఒక్క బండికి కొట్టినోణ్ణి కాదు."

నేను ఆయన కాళ్లు పట్టుకున్నాను. మాటవరసకు చెప్పడం లేదు, గ్రీసు మరకల నేల మీద కూర్చుని నిజంగానే పట్టుకున్నాను. "నా ఉద్యోగం పోతాది భాయ్. ఇంట్లో అందరం రోడ్డున పడతాం" అన్నాను. ఆయన నా చేతులు విడిపించుకున్నాడు. తర్వాత షట్టరు సగం దించాడు. నేను ఆర్సీ చూసి ఒక్కొక్క అక్షరం చదువుతుంటే, ఆయన ఒక్కొక్కటే సుత్తితో కొట్టాడు. ప్రతి దెబ్బకూ నేను ఉలిక్కిపడి వీధిలోకి చూశాను.

"ఎవురైనా అడిగితే ఇద్దరం ఒకటే మాట జెప్దాం. తుప్పు గీకతా ఉంటే పోయింది, ఇద్దరం కలిసి కొట్టినాం అని. సరేనా?"

"సరే భాయ్" అన్నాను.

సోమవారం ఆత్మకూరులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ లైటు వేయమన్నాడు, వేశాను. హారన్ కొట్టమన్నాడు, కొట్టాను. బ్రేకు పట్టి చూశాడు. అన్నిటికీ తల ఊపాడు. చివరికి మెడ గొట్టం మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. అక్షరాలు కాగితం మీదికి తేలుతున్నాయి. ఒక ఎనిమిది పక్కకు ఒరిగి ఉంది. ఆయన చెయ్యి అక్కడే ఆగింది.

"ఇది కంపెనీ పంచింగ్ కాదే. ఎవరు కొట్టారు? దొంగ బండా ఏంది?"

ఆయన ఒంటి మీద ఖాకీ. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"నాకేం తెలీదు సార్. మెకానిక్‌కి ఇచ్చినాను, ఆయనే చేసినాడు. నేను అప్పుడు ఆడ లేను సార్."

ఆయన నా ఫోన్ తీసుకుని భాయ్‌కి కలిపి, స్పీకర్ పెట్టాడు. అటు మోగుతోంది. నేను మాత్రం ఆగలేదు. "నాకు సంబంధం లేదు సార్, అంతా ఆయనే సార్" అని అంటూనే ఉన్నాను. ఫోన్ మోగడం ఎప్పుడు ఆగిందో గమనించలేదు.

భాయ్ గొంతు వినబడింది. "అవును సార్. నేనే గీకినాను, నేనే కొట్టినాను. బండి నిఖార్సైందే. ఆ అబ్బయ్యకేం తెలీదు."

ఇంజను నంబరు ఆర్సీతో సరిపోయింది. పాత యజమాని వచ్చి అమ్మింది తానేనని చెప్పాడు. కాగితాలు తిరిగి తిరిగి, కొన్ని నెలలకు బండి సక్రమంగా పాసైంది. కేసు మాత్రం రాశారు. నంబరు మార్చినందుకు, భాయ్ పేరు మీద.

తర్వాత ఎన్నో రోజులకు షెడ్డుకు పోయాను. భాయ్ అలవాటుగా వంగి బ్రేకు వైరు బిగించాడు.

"భాయ్, తప్పయిపోయింది. ఆరోజు నేను..."

"ఫోనెత్తినాక గూడా నువ్వు మాట్లాడతానే ఉన్నావబ్బయ్యా" అన్నాడు తలెత్తకుండా. "అంతా ఇన్నాను."

నా ఉద్యోగం పర్మనెంటు అయింది. ఇప్పుడు వాయిదాలకు భాయ్‌ని ఆ బండి మీదే కోర్టుకు తీసుకుపోతున్నాను. దారిలో గొర్రెల ధరలు, వానల సంగతి మాట్లాడుకుంటాం. ఈసారి లేచి నిజం చెప్పేయాలని ప్రతిసారీ అనుకుంటాను. లోపల పేరు పిలుస్తారు. భాయ్ గోడ పట్టుకుని మెల్లగా లేస్తాడు. నేను బెంచీ మీద కూర్చునే ఉంటాను.